అరచేతి కంప్యూటరు, లైనక్స్ విద్య: సహకార సంఘములకు వాని యుపయోగము

మన గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పండించు రైతునకు సొమ్ము చేతికి వచ్చువఱకు మూడు కాపలాలు తప్పవు. చేనిలో పురుగునకు కాపలా, కళ్ళములో వానకు కాపలా, గిడ్డంగిలో సరకునకు కాపలా. మొదటి రెండింటిని రైతు తన కండ్లతో తానే చేసికొనును. మూడవదానిని మాత్రము పరుల కప్పగించి, రసీదు జేబులో నుంచుకొని యింటికి వచ్చును.

ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వఱకు గుంటూరు యార్డునకు మిరప విస్తారముగా వచ్చును. ధర నచ్చనివారు టిక్కీలను శీతల గిడ్డంగులలో నిలువ చేయుదురు. కొన్ని నెలలు గడచిన పిదప టిక్కీ విప్పినప్పుడు కాయ యెఱుపు తగ్గి, బూజు పట్టి యున్నచో, తప్పు కళ్ళములో సరిగా ఎండబెట్టని రైతుదా, చల్లదనము తప్పనిచ్చిన గిడ్డంగిదా అను వివాదము పుట్టును. "లోపల చల్లదనము తప్పిన దినమేది? ఎన్ని గంటలు తప్పినది?" అను ప్రశ్నకు జవాబు చెప్పగల సాక్షి యుండడు. సాక్షి లేని వివాదములో నష్టపడునది సామాన్యముగా రైతే.

అట్టి సాక్షిని స్వల్ప వ్యయముతో సంఘమే తయారు చేసికొనవచ్చునని తెలుపుటయే యీ వ్యాసము యొక్క ఉద్దేశము. ఆ సాక్షి పేరు ఏకఫలక కంప్యూటరు. దానికి పని నేర్పు విద్య లైనక్స్.

ఏకఫలక కంప్యూటరన నేమి?

బల్లమీది కంప్యూటరులో లెక్కలు చేయు భాగము, జ్ఞాపకము, బయటి తీగలు తగిలించు భాగములు వేర్వేఱుగా నుండును. ఇవి యన్నియు ఒకే పలకమీద అతికించి యుంచినచో అది ఏకఫలక కంప్యూటరు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమునకు చెందిన రాస్ప్‌బెర్రీ పై సంస్థవారు 2012 ఫిబ్రవరి 29వ తేదీన అట్టి పలకను 35 డాలర్ల వెలకు విడుదల చేసిరి. బాలురకు కంప్యూటరు విద్య నేర్పుట వారి మొదటి తలంపు. పలక పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు; అనగా సుమారుగా మన బ్యాంకు కార్డంత. దాని తొలి రూపమున జ్ఞాపకము 256 మెగాబైట్లు మాత్రమే. 2013లో బీగిల్‌బోన్ బ్లాక్ అను మఱియొక పలక వచ్చినది. పిమ్మట ఇట్టివి అనేకములు బజారులోనికి వచ్చినవి.

బల్లమీది కంప్యూటరునకు లేని సౌకర్యము వీనికి ఒకటి కలదు. పలక అంచున సన్నని సూదులు వరుసలుగా నిలిచియుండును. రాస్ప్‌బెర్రీ పై పలకలలో 2014 నుండి ఇవి 40. వీనికి తీగ తగిలించి వేడిమిని, తేమను, తలుపు తెఱచుటను, కరెంటు పోవుటను తెలిసికొనవచ్చును; రిలే ద్వారా గంట మ్రోగింపవచ్చును. అయితే ఈ సూదులు 3.3 వోల్టులకు మాత్రమే తాళును. 5 వోల్టుల తీగ తగిలినను పలక పాడగును. 230 వోల్టుల మాట చెప్పనక్కఱలేదు.

లైనక్స్ అను గింజ

యంత్రమున్నంత మాత్రమున పని జరుగదు. జ్ఞాపకమును పంచుటకు, ఏ పని ముందు ఏ పని వెనుక అని నిర్ణయించుటకు, కార్డుమీద వ్రాయుటకు, సూదులను చదువుటకు ఒక నిర్వాహకుడు కావలెను. ఆ నిర్వాహక వ్యవస్థలలో నొకటి లైనక్స్. ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయములో విద్యార్థిగానున్న లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 1991లో వ్రాయ నారంభించెను. దీనితోడ నడచు పనిముట్లలో అనేకములు, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రయత్నమునుండి వచ్చినవి.

లైనక్సు యొక్క నడిమి భాగమును కెర్నెల్ అందురు. ఆ యింగ్లీషు మాటకు గింజలోని పప్పు అని యర్థము. మన ప్రత్తిగింజను చూడుడు. లోపల పప్పు, దానిపై పెంకు, ఆపైని దూది. అట్లే లోపల కెర్నెల్, దానిపై మనుష్యుని ఆజ్ఞలను అందుకొను షెల్, అనగా పెంకు, ఆపైని మనకు కనబడు కార్యక్రమములు. దూది యెంత తెల్లనైనను మొలకెత్తునది పప్పే.

ఇది మనకు పరాయి వస్తువు కాదు. ఆండ్రాయిడ్ సెల్ ఫోను కలిగిన ప్రతి రైతును లైనక్స్ కెర్నెలును జేబులో మోయుచునే యున్నాడు. ఇంటర్నెట్ రౌటరులలోను, టీవీ పెట్టెలలోను అనేకము లోపల నడచునది ఇదియే. ఇట్లు ఒక వస్తువులో ఇమిడి, ఒకే పనికై నియమింపబడిన లైనక్సును ఎంబెడెడ్ లైనక్స్ అందురు.

కరెంటు ఇచ్చిన పిమ్మట జరుగునది

పలకకు కరెంటు అందగానే మొదట చిప్పులోనే చెరగకుండ వ్రాసిన చిన్న కార్యక్రమము మేల్కొనును. అది మెమొరీ కార్డునుండి బూట్‌లోడరును తెచ్చును. బూట్‌లోడరు కెర్నెలును జ్ఞాపకములోనికి ఎక్కించి, దానితోపాటు డివైస్ ట్రీ అను జాబితాను అందించును. ఈ పలకమీద ఏయే భాగములు, ఏయే చిరునామాలలో నున్నవో ఆ జాబితాలో నుండును. క్రొత్తగా వచ్చిన గుమాస్తాకు గోదాము పటము చేతి కిచ్చినట్లు. కెర్నెల్ ఆ పటము ననుసరించి భాగములను పలుకరించి, కార్డుమీది ఫైళ్ళ వ్యవస్థను తెఱచి, ఒకటవ నంబరు కార్యక్రమమును ప్రారంభించును. మిగిలిన వన్నియు ఆ ఒకటవ దాని సంతానము. మన కాపలా కార్యక్రమమును కూడ దానికే యప్పగింపవలెను. అప్పుడు కరెంటు పోయి వచ్చినను, ఎవరును మీట నొక్కకయే పని తిరిగి మొదలగును. పని మధ్యలో ఆగిపోయినచో అదియే మరల లేపును.

ఈ క్రమమును తెలిసినవానికి ఒక లాభము కలదు. పెట్టె పలుకనప్పుడు "చెడిపోయినది" అని పారవేయక, ఏ మెట్టుదగ్గర ఆగినదో చూడగలడు. అందుకు మూడు తీగల సీరియల్ కేబుల్ చాలును. దానిని పలకకు తగిలించి మఱియొక కంప్యూటరునుండి చూచినచో, కెర్నెల్ తాను చేయు ప్రతి పనిని వరుసగా చెప్పుచు పోవును. నేర్చుకొనువారు మొట్టమొదట కొనవలసిన పనిముట్టు ఇదియే. అదియు 3.3 వోల్టులదై యుండవలెను.

గిడ్డంగి కాపలా: ఒక నిర్మాణము

ఎండుమిరపను శీతల గిడ్డంగిలో సామాన్యముగా 10 డిగ్రీల సెంటీగ్రేడునకు లోపు నుంచుదురు. ఒక గదికి నాలుగు చోట్ల వేడిమి చూచి, లెక్క వ్రాసి, హద్దు దాటినచో ఫోనునకు కబురు పంపు యంత్రమును కట్టవలెననుకొందము. డి.యస్.18బి20 అను వేడిమి సెన్సారు ఈ పనికి తగినది. ఉక్కు గొట్టములో నిమిడ్చి, నీరు చొరకుండ మూసినవి దొరకును. −10 మొదలు 85 డిగ్రీల వఱకు దాని లెక్కలో తప్పు అర డిగ్రీకి మించదని తయారీదారులు చెప్పుదురు. ప్రతి సెన్సారునకును వేఱు వేఱు సంఖ్య తయారీలోనే వ్రాయబడి యుండుటచే, అనేక సెన్సారులను ఒకే మూడు పోగుల తీగకు కట్టవచ్చును. సమాచారపు పోగునకును 3.3 వోల్టుల పోగునకును నడుమ 4.7 కిలో ఓముల రెసిస్టరు నొకదానిని వేయవలెను. తీగను శాఖలుగా చీల్చక, గది పొడవున ఒకే వరుసగా నడపుట మేలు.

పలకను మాత్రము చల్లని గదిలో నుంచరాదు. తలుపు తెఱచినపుడెల్ల తేమ దానిపై చెమ్మగా దిగి తుప్పు పట్టించును. సెన్సారులు లోపల, పలక బయటి కార్యాలయములో నుండవలెను.

ఇప్పుడు లైనక్స్ చేయు మేలును చూడుడు. దాని ధర్మము ప్రకారము ఇంచుమించు ప్రతి పరికరమును ఒక ఫైలువలె కనబడును. సెన్సారును చదువుట యనగా ఒక ఫైలును తెఱచి చదువుటయే. అందులో మొదటి పంక్తి చివర "యెస్" అని యున్నచో సమాచారము చెడకుండ వచ్చినట్లు. రెండవ పంక్తి చివర "టి=6250" అని యుండును. అది డిగ్రీలో వెయ్యవ వంతుల లెక్క, అనగా 6.25 డిగ్రీలు. ఈ రెండు పంక్తులను చదివి, తేదీ, గంట చేర్చి వ్రాయు కార్యక్రమము పైథాన్ భాషలో ఇరువది ముప్పది పంక్తులకు మించదు. ఒక్కొక్కప్పుడు సరిగ్గా 85 డిగ్రీలని రావచ్చును. అది గిడ్డంగి కాలిపోవుట కాదు. కరెంటు అందగానే, ఇంకను కొలువకముందు సెన్సారు చెప్పు సంఖ్య. దానిని త్రోసివేసి మరల చదువవలెను.

అయిదు నిమిషముల కొకసారి చదివినచో దినమునకు 288 సార్లు. నాలుగు సెన్సారులకు 1,152 పంక్తులు. పంక్తికి 30 అక్షరముల చొప్పున దినమునకు 34,560 బైట్లు, సంవత్సరమునకు సుమారు 1 కోటి 26 లక్షల బైట్లు. 16 గిగాబైట్ల కార్డులో ఇది ఒక మూల పట్టును. కావున స్థలమునకు కొదువ లేదు.

తలుపు తెఱచి బస్తాలు మోయునపుడు వేడిమి కొంత పెరుగుట సహజము. అందుచేత ఒక్క లెక్క హద్దు దాటగానే కబురు పంపరాదు. వరుసగా ఆఱు లెక్కలు, అనగా అరగంట, హద్దు దాటియే యున్నప్పుడు పంపవలెను. పనికిమాలిన కబుర్లు నాలుగుమార్లు వచ్చినచో అయిదవ నిజమైన కబురును ఎవరును చదువరు.

సెన్సారులను బిగించుటకు ముందును, ప్రతి సీజను ఆరంభమునను సభ్యుల యెదుట పరీక్షింపవలెను. నలిపిన మంచుగడ్డను మంచినీటితో గట్టిగా కలిపి, అందులో సెన్సారు నుంచినచో 0 డిగ్రీలు, లేదా దానికి అర డిగ్రీ లోపున చూపవలెను. కాటాను రాయితో పరీక్షించుట యెట్లో ఇదియు నట్లే. పరీక్షింపని సాక్షి మాట పంచాయతీలో నిలువదు.

నలుగురు శత్రువులు

ఇట్టి యంత్రము బల్లమీద ఒక దినము నడచుట సులభము. గిడ్డంగిలో మూడు సంవత్సరములు నడచుట కష్టము. దానికి శత్రువులు నలుగురు.

మొదటిది, కరెంటు పోవుట. కార్డుమీద వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఫైళ్ళ వ్యవస్థ చెడి, మరునాడు యంత్రము లేవకపోవచ్చును. దీనికి మందు రెండు విధములు. లైనక్స్ ఉన్న భాగమును చదువుటకు మాత్రమే వీలుగా నుంచి, లెక్కల కొఱకు వేఱొక చిన్న భాగమును కేటాయించుట ఒకటి. పలకకు చిన్న బ్యాటరీని జతచేసి, అది తగ్గుచుండగా యంత్రము క్రమముగా తనంతట ఆగునట్లు చేయుట రెండవది. ఈ రెండును లేని నిర్మాణము ఇసుకపై కట్టిన యిల్లు.

రెండవది, తప్పుడు గడియారము. రాస్ప్‌బెర్రీ పై 4 వఱకు వచ్చిన ఆ సంస్థవారి పలకలలో బ్యాటరీతో నడచు గడియారము లేదు. 2023లో వచ్చిన 5వ రకమున గడియారము కలదు గాని బ్యాటరీ మనమే తగిలింపవలెను. ఇంటర్నెట్ లేనిచోట కరెంటు పోయి వచ్చినచో పాత పలక పాత వేళనే పట్టుకొని లెక్క వ్రాయును. వేళ తప్పిన లెక్క వివాదములో చిత్తుకాగితమే. డి.యస్.3231 అను చిన్న గడియారపు చిప్పును నాణెపు బ్యాటరీతో చేర్చినచో ఈ దోషము తీరును.

మూడవది, వేడి. మే నెలలో మన ప్రాంతమున రేకుల కప్పు క్రింది గది పొయ్యివలె నుండును. రాస్ప్‌బెర్రీ పై చిప్పు 80 డిగ్రీలు దాటినచో తనంతట వేగము తగ్గించుకొనును. గోడకు నీడవైపున, గాలి తగులుచు, మిరపదుమ్ము చొరకుండ సన్నని వల కట్టిన పెట్టెలో నుంచవలెను.

నాలుగవది, బిగుసుకొనిపోవుట. ఏ కార్యక్రమమైనను ఎప్పుడో ఒకప్పుడు చిక్కుకొనును. అందుకై చిప్పులో వాచ్‌డాగ్ అను కాపలా కలదు. కొన్ని సెకండ్ల కొకసారి కార్యక్రమము దానిని తట్టుచుండవలెను. తట్టుట మానినచో అది యంత్రమునే తిరిగి ప్రారంభించును. దీనిని మేల్కొల్పి యుంచక గిడ్డంగిలో పెట్టరాదు.

వీనికి తోడు సంకేతపదమును గుఱించి యొక మాట. తయారీదారులు పెట్టిన సంకేతపదమును మార్చకయే వాడుట గోదామునకు తాళము వేసి, తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీయుట వంటిది. 2016లో మిరాయ్ అను దుష్ట కార్యక్రమము ఇట్టి మార్చని సంకేతపదములతోనే ప్రపంచమందలి లక్షలాది కెమెరాలను, రౌటరులను లోబఱచుకొన్నది. వానిలో నడచినదియు లైనక్సే. విద్య మంచిదైనంత మాత్రమున అజాగ్రత్త క్షమింపబడదు.

లైనక్స్ అక్కఱలేని చోట్లు

ప్రతి పనికిని ట్రాక్టరు కట్టము గదా. రాస్ప్‌బెర్రీ పై 4 పలక ఊరక కూర్చున్నను సుమారు 3 వాట్లు తినును. దినమునకు 72 వాట్-గంటలు. 12 వోల్టుల 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో నుండునది 84. చేనిలో సూర్యరశ్మిపై మాత్రమే ఆధారపడిన చోట ఇది గిట్టదు. నేల తేమను గంటకొకసారి చూచుటకు మైక్రోకంట్రోలరు అను చిన్న చిప్పు చాలును. అది లైనక్స్ లేకయే నడచి, తక్కిన వేళ దాదాపు ఏమియు తినక నిద్రించును. సెల్ ఫోనుతో పంపు మోటారును నడుపుట కూడ అట్టి చిన్న చిప్పు చేయగల పనియే. పుణె నగరపు సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్ ఆ పని చేయు సాధనము. చేనిలో చిన్నది, గోదాములో పెద్దది అను సూత్రమును గుర్తుంచుకొనిన చాలును.

ఫోటో తీసి అందులోని వస్తువును గుర్తింపవలసిన చోట మాత్రము లైనక్స్ పలకవంటి బలమైనది కావలెను. ప్రత్తిలో గులాబిరంగు పురుగునకు లింగాకర్షక బుట్టలు కట్టి, బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినచో మందు చల్లుమని మనము చెప్పుచున్నాము. రోజును బుట్టలు లెక్కించువారు తక్కువ. నాగపూరులోని కేంద్ర ప్రత్తి పరిశోధనా సంస్థవారు కెమెరా అమర్చి, పురుగులను గుర్తించి ఫోనునకు తెలుపు బుట్టలను రూపొందించిరి. మన తెలుగునాట కూడ ఇట్టి తలంపు క్రొత్తది కాదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి. వారు 2004లో ఈ-సాగు అను పద్ధతిని ఆరంభించి, వరంగల్లు జిల్లా ప్రత్తిచేల ఫోటోలను నిపుణులకు చూపి సలహాలు తెప్పించిరి. ఆనాడు మనిషి చేనికి పోయి ఫోటో తీయవలసి వచ్చినది.

అయితే యంత్రము పురుగును చంపదు. 2021-22లో నల్ల తామరపురుగు మన మిరపతోటలను తుడిచిపెట్టిన వేళ కొఱవడినది కంప్యూటరు కాదు, దానికి లొంగని పురుగుపై పనిచేయు ఉపాయము. ముందు తెలియుట సగము మేలు మాత్రమే. తక్కిన సగము రైతు చేయు పనిలో నున్నది.

నేర్చుకొను క్రమము

సంఘములో డిప్లొమా చదివిన యువకు డొకడున్నను ఈ పని సాధ్యము. అతడు మొదట సిద్ధముగా దొరకు లైనక్సును కార్డుమీద వ్రాసి, ఆజ్ఞలతో పని చేయుట నేర్వవలెను. రెండవది, ఒక దీపమును వెలిగించి ఆర్పుట. మూడవది, ఒక సెన్సారును చదువుట. నాలుగవది, చదివినదానిని కరెంటు పోయినను నిలుచునట్లు వ్రాయుట. ఈ నాలుగును కుదిరిన పిమ్మట బిల్డ్‌రూట్, యోక్టో అను పనిముట్లను పట్టవలెను. వీనితో పెద్ద కంప్యూటరుమీద, చిన్న పలకకు కావలసినంత మాత్రమే లైనక్సును తయారు చేయవచ్చును. అక్కఱలేని భాగములు తీసివేయుటచే అది త్వరగా లేచును. చెడుటకు సందులు తగ్గును. తూర్పారపట్టిన గింజవలె.

లెక్క యెవరిది?

కడపట, అన్నిటికంటె ముఖ్యమైన విషయము. 1992 నుండి లైనక్స్ గ్నూ సార్వజనిక లైసెన్సు క్రింద ఇవ్వబడుచున్నది. దాని షరతు యేమనగా, లైనక్సును పెట్టెలో నుంచి అమ్మువాడు, కొన్నవానికి దాని మూల వ్రాతను కూడ ఇయ్యవలెను, లేదా అడిగినచో ఇచ్చెదనని వ్రాసి యియ్యవలెను. ఈ షరతు చెల్లునని 2004లో జర్మనీలోని మ్యూనిక్ న్యాయస్థానము నిర్ణయించినది. ఒక ఇంటి రౌటరు మూల వ్రాత 2003లో ఇట్లే బయటికి వచ్చుటచేత, స్వచ్ఛంద సేవకులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టి అను వ్యవస్థను నిర్మించిరి. అమ్మినవాడు చేయి విడిచిన రౌటరులు దానితో నేటికిని పనిచేయుచున్నవి.

మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చుటకు ముందు, ఋణదాత పద్దు పుస్తకమును రైతు చదువలేడు, చూడలేడు. అతడు చెప్పినదే బాకీ. సంఘము తెచ్చిన మేలు తక్కువ వడ్డీ మాత్రమే కాదు; పద్దు తెఱచి చూపవలసిన నియమము కూడ. నేడు తేమ చూచు పెట్టె, తూకము వేయు పెట్టె, చల్లదనము చూచు పెట్టె మన నడుమకు వచ్చుచున్నవి. లోపల నేమున్నదో చూపని పెట్టె మరల ఆ పాత పద్దు పుస్తకమే.

కావున ఇట్టి యంత్రమును కొనునపుడు సంఘ కార్యవర్గము మూడు ప్రశ్న లడుగవలెను. లెక్కలు ఎవరి చేతిలో నుండును? మూల వ్రాత ఇత్తురా? అమ్మినవాడు అంగడి మూసినచో దీనిని మఱియొకడు బాగుచేయగలడా? మూడింటికిని తృప్తికరమైన జవాబు వ్రాతమూలకముగా రానిచో కొనకుండుట మేలు. తానే కట్టుకొన్న సంఘము ప్రతిరాత్రి ఆనాటి లెక్కను రెండు వేర్వేఱు చోట్లకు పంపి, దినపత్రమును గోడకు అంటింపవలెను. ఒకే చోట నున్న లెక్కను దిద్దుట సులభము, నలుగురు చూచిన లెక్కను దిద్దుట కష్టము.

ఖర్చు విషయమున, పలక వెలను మాత్రమే చూచి మురియరాదు. కార్డు, విద్యుత్ సరఫరా, బ్యాటరీ, గడియారము, పెట్టె, తీగలు, మోడెము కలసి పలక వెలకు దీటుగా నగునని ముందే లెక్కకట్టుకొనవలెను. ఐనను నూఱుగురు సభ్యుల టిక్కీలున్న గదికి ఆ ఖర్చును పంచినచో తలకు పడునది స్వల్పము. ఈ సంవత్సరము ఒక గదితో, నాలుగు సెన్సారులతో ఆరంభింపుడు. ఒక సీజను లెక్కను సభ్యుల సమావేశమున చదివి వినిపింపుడు. గిడ్డంగి యజమానులలో నిజాయతీపరు లెవరును దీనికి వెఱవరు. వారి మంచితనమునకును అదియే సాక్ష్యము.